ఫ్యూజు వేసిన తాళం

ఆవిడకు ఫ్యూజు అన్న పేరు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో పడింది. ఒకరోజు ల్యాబులో కరెంటు పోతే ముప్పై ఏడుగురు ఎలక్ట్రికల్ అబ్బాయిలు బోర్డు చుట్టూ చేరి కారణాల మీద చర్చ పెట్టారు. చర్చ నడుస్తుండగానే ఈ అమ్మాయి స్టూలు లాక్కుని ఎక్కి, కాలిన తీగ పీకి, కొత్త తీగ చుట్టి దిగింది. మెచ్చుకోవడం చేతకాని వాళ్ళు పేరు పెట్టి ఊరుకున్నారు.

ఆ క్లాసులో ఆడపిల్లలు ముగ్గురే. ఒకామె టీచరయింది. ఇంకొకామె, అందరూ పొడుగు అని పిలిచే ఆమె, కరెంటాఫీసులో గుమాస్తాగా చేరి అక్కడే జుట్టు నెరిపించుకుంది. మన ఫ్యూజు పదకొండు ఇంటర్వ్యూలకు వెళ్ళింది. పదకొండు చోట్లా మార్కులు చూసి తలూపారు, మనిషిని చూసి తల అడ్డంగా తిప్పారు. సైటు పని కదమ్మా, మగవాళ్ళయితే బాగుంటుందన్నారు. చివరికి ఒక లిఫ్టు కంపెనీ ఫోన్లెత్తి ఫిర్యాదులు రాసుకునే కుర్చీ ఇచ్చింది. ఒకరోజు మెకానిక్ రాలేదు, ఫిర్యాదు చేసినవాళ్ళు లిఫ్టులోనే ఇరుక్కుని ఉన్నారు. రాసుకున్న కాగితం పట్టుకుని తనే వెళ్ళి బయటికి తీసింది. ఆడది లిఫ్టు తిరిగే షాఫ్టులోకి దిగకూడదనే రూలు కోసం మేనేజరు ఫైళ్ళన్నీ వెతికాడట, పాపం దొరకలేదు. అది జరిగి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఆవిడ కింద ఇద్దరు మెకానిక్కులున్నారు. ముగ్గురూ కలిసి కాంట్రాక్టు మీద లిఫ్టులు చూసుకుంటారు. ఆ లిఫ్టుల్లో సగానికి సగం తను చదివిన పాలిటెక్నిక్‌లోవే.

భర్త టైలరు. లోకంలోని బట్టల కంపెనీలన్నీ ఆడవాళ్ళకు చేతులుంటాయి గానీ ఆ చేతుల్లో వస్తువులుండవని తీర్మానించుకున్నాయి కాబట్టి, ఆవిడ పని ప్యాంట్లన్నీ ఏడు జేబులతో ఆయనే కుడతాడు. ముప్పై ఐదేళ్ళ తర్వాత క్లాసు వాళ్ళంతా కలుస్తున్నారని తెలిసి, జేబుల్లేని డ్రెస్సు కుట్టి పెట్టాడు. మేడం గారు ఒక్కపూట చేతులూపుకుంటూ నడవాలన్నాడు. ఆవిడకూ అదే కోరిక. ఆ కాలేజీలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ పనిముట్ల సంచితోనే. ఒక్కసారి ఆ కుర్చీల్లో అందరిలాగా కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన టీ తాగాలని ఉంది. అంతకంటే పెద్ద కోరికలేం లేవు.

ఏర్పాట్లన్నీ మైకువి. కాలేజీ రోజుల్లో చేతికి మైకిస్తే తిరిగిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆ కాలేజీ యాజమాన్య సంఘానికి కార్యదర్శి. నాలుగంతస్తుల కొత్త బ్లాకు కట్టించి దానికి తండ్రి పేరు పెట్టాడు. కట్టిన మేస్త్రీల పేరెవరూ పెట్టరు గనక ఆ విషయంలో ఆయన్నొక్కణ్ణే అనడం న్యాయం కాదు. కలయిక ఆ బ్లాకు నాలుగో అంతస్తులో, ఏసీ హాల్లో.

చిక్కంతా ఆ బ్లాకు లిఫ్టుతో వచ్చింది. లిఫ్టును లాగేది మోటారు, ఆపి పట్టుకునేది బ్రేకు. బ్రేకు లోపలి లైనింగు అరిగిపోయిందని ఫ్యూజు రెండు నెలల్లో రెండు ఉత్తరాలు రాసింది. రెండింటికీ కార్యదర్శి ఆఫీసు నుంచి ఒకటే జవాబు, పరిశీలిస్తున్నామని. వాళ్ళ పరిశీలన పూర్తయ్యేలోగా లైనింగు పూర్తయింది. గురువారం నెలవారీ తనిఖీలో నాలుగో అంతస్తులో ఆగవలసిన లిఫ్టు ఆగినట్టే ఆగి, జానెడు కిందికి జారింది. లోపల ఫ్యూజు ఒక్కతే ఉంది. నిండా పదమూడు మంది ఉంటే జానెడుతో ఆగుతుందని చెప్పడానికి వీల్లేదు. ఆవిడ మేడ మీది మిషన్ రూముకెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి ఆరు కన్నాల ఇనుప కొక్కెం తగిలించి, ఒక కన్నంలో తన తాళం వేసి, తన ఫొటో, ఫోన్ నంబరు ఉన్న ఎర్ర అట్ట కట్టి, కార్యదర్శి ఆఫీసుకు కబురు చెప్పింది. ఆ పనిలో ఒక నియమం ఉంది. తాళం ఎవరు వేశారో వాళ్ళే తియ్యాలి. ఇంకెవరూ తియ్యకూడదు, యజమాని అయినా సరే. కొక్కేనికి ఎన్ని తాళాలు పడితే అన్నీ తీస్తేగానీ స్విచ్ పడదు. ఆ నియమం పుస్తకాల్లో పుట్టలేదు. ఎవరో స్విచ్ వేస్తే షాఫ్టులో నలిగిపోయిన మెకానిక్కుల వల్ల పుట్టింది.

ఆదివారం పదింటికి చేతులూపుకుంటూ వెళ్ళింది. జేబుల్లేక తాళంచెవి, ఫోను హ్యాండుబ్యాగులో వేసుకుంది. లిఫ్టు ముందు గుంపుగా జనం. పొట్టలు వచ్చినవాళ్ళు, జుట్టు పోయినవాళ్ళు, పోయిన జుట్టుకు రంగు వేసుకున్నట్టు నమ్మకంగా తల సవరించుకునేవాళ్ళు. ఎవరెవరో పోల్చుకోవడానికి మెళ్ళో పేర్ల అట్టలు. మధ్యలో చక్రాల కుర్చీలో వర్క్‌షాపు మాస్టారు, ఎనభై ఆరేళ్ళు, ఒళ్ళో పూలగుత్తి పెట్టుకుని.

"ఏమ్మా ఫ్యూజూ, పండగలాంటి రోజున ఈ తాళమేంటి? తీసి పుణ్యం కట్టుకో" అన్నాడు మైకు.

రెండు ఉత్తరాలు రాశానని ఆవిడ గుర్తుచేసింది. రేపు పొద్దున్నే తనే సంతకం పెడతానన్నాడాయన. ఈ ఒక్క పూటకీ నెమ్మదిగా నడిపించమన్నాడు.

"జారేదాన్ని నెమ్మదిగా జారమని ఎలా చెప్పను?" అంది ఫ్యూజు.

నలుగురూ నవ్వారు. మైకు నవ్వలేదు. భుజం మీద చెయ్యేసి మెట్ల పక్కకు తీసుకెళ్ళాడు. అక్కడ గొంతు తగ్గించి, నెలాఖరుకి ఆవిడ కాంట్రాక్టు అయిపోతుందనీ, ఆ ఫైలు తన బల్ల మీదే ఉందనీ, పాత స్నేహం చూసి ఇన్నాళ్ళూ వేరే కంపెనీలను రానివ్వలేదనీ చెప్పాడు. బెదిరింపు లేదు, అంతా ప్రేమే. ఆ తర్వాత అసలు దెబ్బ కొట్టాడు.

"మాస్టారిని నాలుగంతస్తులూ మోసుకెళ్ళమంటావా? ఆయన పడితే పాపం నీదే."

ఫ్యూజు లెక్క వేసుకుంది. కాంట్రాక్టు పోతే తను ఎలాగో నెట్టుకొస్తుంది గానీ తన కిందివాళ్ళిద్దరికీ చూపించడానికి వేరే పని లేదు. తాళంచెవి బ్యాగులోనే ఉంది. మేడెక్కి రెండు నిమిషాల పని. అందరూ ఎక్కుతారు, బహుశా ఏమీ కాదు. ఆ బహుశా దగ్గరే ఆవిడ ఆగిపోయింది. ఆవిడ వృత్తిలో బహుశాకి పోస్టుమార్టం ఉంటుంది.

"తీయను" అంది.

అప్పుడు ఫస్టు రంగంలోకి దిగాడు. మూడేళ్ళూ క్లాసులో ఫస్టు వచ్చి, పెద్ద ఇంజనీరు అయినవాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేత్తో పట్టుకున్న ఏకైక పనిముట్టు సంతకం పెట్టే కలం. లిఫ్టుకు తాళ్ళు ఐదుంటాయనీ, ఒక్కొక్కటీ మొత్తం బరువు మొయ్యగలదనీ, కాబట్టి భయపడే పనేమీ లేదనీ లెక్క కట్టి చూపించాడు. తాళ్ళు తెగుతాయని తనెప్పుడూ అనలేదని ఫ్యూజు చెప్పింది. ఆయన విన్నట్టు లేదు. ఎవరో చిన్న స్విచ్‌కి తాళం వేస్తే ఆగిపోవడానికి ఇదేమైనా బొమ్మ లిఫ్టా, కింద ప్యానెల్ రూములో అసలు సరఫరా ఉంటుంది, అక్కణ్ణించి ఇచ్చేద్దాం రండి అన్నాడు. ఇద్దరు ముగ్గురు వెంటనే కోట్లు విప్పారు. మనమంతా ఎలక్ట్రికల్ వాళ్ళమే కదా అన్న హుషారు. ఆ మాట ఒక్క వంటవాడు అన్నా, ఒక్క డ్రైవరు అన్నా ఏ ప్రమాదమూ ఉండేది కాదు, ఎవరూ వాళ్ళను ప్యానెల్ దాకా రానిచ్చేవారు కాదు గనక.

స్విచ్ పైన కట్టేసి ఉంటే కింద ఏం చేసినా లిఫ్టు కదలదని ఫ్యూజుకు తెలుసు. ఆ మాట చెప్పింది కూడా. వాళ్ళు వెళ్ళనే వెళ్ళారు. ఆవిడ మాస్టారి దగ్గరికెళ్ళి వంగి, తన వల్ల ఇబ్బంది పడుతున్నారని క్షమించమంది.

"ఇబ్బందేంటే? పైకెళ్ళాలని నేనన్నానా? నన్నెవరూ అడగలేదే" అన్నాడు మాస్టారు. చెవుడు గనక అందరికీ వినపడేలా అన్నాడు. "ఇక్కడైతే బాత్రూం ఎక్కడుందో నాకు తెలుసు. పైన ఈళ్ళు ఎక్కడ కట్టారో ఏంటో."

అంతమంది ఆ పెద్దాయన్ని అడ్డం పెట్టుకుని గంటసేపు వాదించారు గానీ ఆయన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. పొడుగు వెనకనుంచి, చక్రాల కుర్చీ ఉన్నవాళ్ళకి నోరుండదని మనవాళ్ళకి ఎవరు చెప్పారో అని గొణిగింది.

అంతలో ప్యానెల్ రూములోంచి ఢామ్మని చప్పుడు. లిఫ్టు కదల్లేదు. బ్లాకంతా కరెంటు పోయింది. ఫస్టు గారు బ్రేకర్లు ఒక్కొక్కటే పైకీ కిందికీ ఆడించి, ఆఖరికి పైన హాల్లో ఏసీలన్నీ నడుస్తుండగా మెయిన్ లాగేశారు. ఆ సరికే మెట్లెక్కి పైకి చేరిన ఇరవై మంది ఏసీ లేని అద్దాల హాల్లో కాసేపు ఉడికి, విసుక్కుంటూ కిందికి దిగారు. ఫస్టు కనుబొమల మీద నల్లటి మసితో బయటికొచ్చి, వైరింగు నాసిరకమని ప్రకటించాడు.

మైకు ముఖం మాడ్చుకుని లిఫ్టు తలుపు మీద ఫిర్యాదుల నంబరు చూసి ఫోను కొట్టాడు. ఫ్యూజు హ్యాండుబ్యాగు మోగింది. మూడేళ్ళుగా ఫైళ్ళ మీద ఉన్న ఆ నంబరు ఎవరిదో ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. ఇద్దరి మధ్యా రెండు అడుగుల దూరం. ఆవిడ ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"చెప్పండి సార్."

ఆయన ఫోను దించలేదు. అలవాటుగా, హాల్లో కరెంటు పోయింది, మనిషిని పంపండి అన్నాడు.

"మేం లిఫ్టులే చూస్తామండీ. హాలు చూసుకునే ఎలక్ట్రీషియన్‌ని మీరే పోయినేడు తీసేశారు. ఖర్చు తగ్గుతుందని."

ఇద్దరూ ఫోన్లు దించారు. పొడుగు పగలబడి నవ్వింది. నిజానికి ఫ్యూజు తలుచుకుంటే అరగంటలో కరెంటు తెప్పించేది. చెయ్యి దురద పెట్టిందని తర్వాత ఇంట్లో ఒప్పుకుంది కూడా. కానీ అవాళ ఆవిడ అతిథి.

కలయిక చివరికి కింది వర్క్‌షాపులో జరిగింది. ఇనుము అరగదీసే ఫైలింగ్ బెంచీల మీద కూర్చున్నారు, భోజనాలు వంటవాళ్ళు మోసుకొచ్చారు. కరెంటు లేదు గనక మైకు చేతిలో మైకు లేదు, అందుచేత ఉపన్యాసం మూడో నిమిషంలో ముగిసింది. ఒక్కొక్కరూ లేచి పదవి, పిల్లల పదవి, ఇల్లు ఎన్ని అంతస్తులో చెప్పారు. ఫ్యూజు వంతు వచ్చింది.

"లిఫ్టు మెకానిక్‌ని. మీరు పైన కూర్చోకపోవడానికి కారణం నేనే" అని కూర్చుంది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. విని కొట్టాడో, మిగతావాళ్ళకి కొట్టినట్టే కొట్టాడో తెలియదు. టీ ఎవరో తెచ్చిచ్చారు. చల్లారిపోయింది, అయినా తాగింది.

ఆ తర్వాత క్లాసు గ్రూపులో వారం రోజులు తీర్పులు నడిచాయి. మొండిదన్నారు, పని రానివాళ్ళే రూళ్ళు పట్టుకుంటారన్నారు, ముప్పై ఐదేళ్ళ వేడుక మంట గలిపిందన్నారు. మసి అంటిన ఫస్టు ఫొటో పొడుగు పెట్టాక కాస్త తగ్గారు. నెలాఖరున కాంట్రాక్టు కొత్త కంపెనీకి పోయింది. కారణం రాసే మర్యాద కూడా పాటించలేదు. ఫ్యూజు ఇద్దరు మెకానిక్కులనూ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళలో పెద్దవాడు, మీరు తాళం తీసుంటే మేమే మీ దగ్గర మానేసేవాళ్ళమన్నాడు. అది అభిమానంతో అన్నాడో, ఆ లిఫ్టు గుంటలో దిగి పని చేసేది తనే గనక అన్నాడో, రెండూ న్యాయమే. ముగ్గురూ చిన్న చిన్న అపార్టుమెంట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. టైలరు వారానికి రెండు పూటలు ఎక్కువ కూర్చుంటున్నాడు.

పది రోజులకు తెలియని నంబరు నుంచి ఫోను. నలభై దాటిన గొంతు. కొత్త కంపెనీ మెకానిక్‌నని, మిషన్ రూములో మీ అట్ట చూసి చేస్తున్నానని చెప్పాడు.

"అక్కా, తాళం కోసెయ్యమని ఆఫీసులో హాక్సా బ్లేడు ఇచ్చారు."

"లైనింగులు ఇచ్చారా?"

"లేదక్కా. బ్లేడే ఇచ్చారు."

ఫ్యూజు ఉత్తరాల తేదీలు, గురువారం లిఫ్టు జారిన సంగతి, అన్నీ చెప్పింది. కోసెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. అతనికీ ఉద్యోగం కొత్త, అతనికీ ఇంట్లో మనుషులుంటారు. ఫోన్లో, గాలికి ఎర్ర అట్ట స్విచ్ ఉన్న ఇనుప పెట్టెకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"కొక్కేనికి ఇంకా ఐదు కన్నాలు ఖాళీ ఉన్నాయి కదక్కా" అన్నాడు చివరికి.

"ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కోటి."

సంచిలో ఏదో వెతుకుతున్న శబ్దం, ఆ వెనకే టక్కుమని తాళం పడిన శబ్దం వినిపించాయి. తర్వాత అతను కాస్త బెరుగ్గా, కిందికెళ్ళి కార్యదర్శి గారికి ఏమని చెప్పమంటారని అడిగాడు.

"ఇప్పుడు రెండు తాళాలున్నాయని చెప్పు" అంది ఫ్యూజు.