బాలు నన్ను మాఫీ అడిగాడు

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

చమురు ఓడలో ఇంజనీరుగా పనిచేసేవాణ్ణి. నెల్లికుదురు దగ్గరి తండా నుంచి వచ్చిన బాలు నా కింద పనిచేసేవాడు. ఆ కొలువు ఇప్పించింది నేనే. చమురు గడ్డకట్టకుండా వేడిచేయడానికి ఓడలో ఒక బాయిలరు ఉండేది. పైన ఒక డ్రమ్ము, కింద ఒక డ్రమ్ము, రెంటినీ కలుపుతూ గొట్టాలు. గొట్టాల బయట మంట, లోపల నీళ్లు. కాగిన నీళ్లు ఆవిరి బుడగలతో తేలికై పైకెక్కుతాయి. పై డ్రమ్ములో ఆవిరి విడిపోయి తన దారిన పోతుంది, మిగిలిన నీళ్లు వేడి తక్కువ తగిలే గొట్టాల్లోంచి మళ్లీ కిందికి దిగుతాయి. పై డ్రమ్ములో నీరు తగ్గితే ఆ తిరుగుడు ఆగి, గొట్టాలు ఎండి, ఎర్రగా కాలి పగులుతాయి.

ఆ మధ్యాహ్నం సముద్రం అల్లకల్లోలంగా ఉంది. ఓడ ఊగినప్పుడల్లా డ్రమ్ములో నీరు ఒక పక్కకు ఒరిగేది. నీరు తగ్గిందని అలారం మోగి, మంట దానంతటదే ఆరిపోయేది. వెలిగించడం, ఆరడం. విసుగెత్తి అలారాన్నీ, మంటను ఆర్పే ఏర్పాటునూ పనిచేయకుండా చేశాను. నీటిమట్టం చూపే గాజు గొట్టం మీద కన్నేసి ఉంచితే చాలనుకున్నాను. ఉంచానా? లేదు. టీ తాగడానికి పైకి వెళ్లాను. బాలుకు చెప్పనైనా లేదు. ఈసారి బాయిలరుకు నీళ్లందించే పంపు మొరాయించింది, నీరు నిజంగానే తగ్గింది. మంటలోని గొట్టం ఎండి పగిలి, ఆవిరి మంటను తోసుకుంటూ ఎదురుగా నిలబడ్డ బాలు ముఖం మీదికి వచ్చింది.

అలారం ఎవరు ఆపారని విచారణలో అడిగారు. బాలుకు ఇంకా స్పృహ రాలేదు.

"బాలు" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? అతను బతకడనుకున్నానా? బతకకూడదనుకున్నానా? ఆ చివరి ప్రశ్న దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను.

బతికాడు. చూపు పోయింది. నేను కొలువు మానేసి మహబూబాబాద్‌లో స్థిరపడ్డాక, నిజం చెప్పేద్దామనే తండాకు వెళ్లాను. గొంతు గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, గా దినం సంగతి నాకేం యాదికి లేదే. అలారం నేనే బంద్ చేసిన్నంట గదా?"

చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. అతను వదల్లేదు.

"నువ్వు చెప్పినవంటే నిజమే అయ్యుంటది. నీ పానం గూడ తీసేటోణ్ని గదనే. జర మాఫ్ చెయ్యన్నా."

"ఇడిసెయ్యి బాలూ, గదంత అయిపోయింది" అన్నాను.

అంటే, నేను అతణ్ణి క్షమించాను. నేను! ఆ రోజు తండాలో నోరు విప్పి ఉంటే ఒక్క అబద్ధమే ఒప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు అతణ్ణి క్షమించానని కూడా ఒప్పుకోవాలి. తండా వైపు పోయే ఆటో ఎక్కుతాను, సగం దారిలో దిగిపోతాను. అతను మాత్రం అడిగినవాళ్లందరికీ తప్పు తనదేనని చెప్పుకుంటున్నాడట.

అతని ముందు నిలబడే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. మీ ముందైతే చెబుతున్నాను. అలారం ఆపింది బాలు కాదు. నేను.