సాంచాల చప్పుడులో హాజరు

కరోనా రెండో ఏడు మా డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ ఒక ఆదేశం జారీచేశారు. ఆన్‌లైన్ తరగతిలో పేరు పిలవగానే మైకు తెరిచి నోటితో పలకనివారు గైర్హాజరైనట్టే. హాజరు తగ్గినవారికి పరీక్ష లేదు. పిల్లలకు చదువు మీద మనసు పోయిందన్నది ఆయన నిర్ధారణ. ఆ మాటను ఆనాటి డైరీలో యథాతథంగా రాసుకున్నాను. ఒప్పుకొని కాదు, మరిచిపోకూడదని.

నా చరిత్ర తరగతిలో ఒక నేతకారుల అమ్మాయి ఎన్నడూ పలికేది కాదు. కాని పాతకాలపు పన్నుల పాఠం నడుస్తుండగా, "ఆ పన్ను మగ్గానికా, మనిషికా సార్?" అని టైపు చేసి అడిగింది. అలా అడిగిన మనిషి తరగతిలో లేదని నేనెలా రాయాలి?

ఫోన్ చేశాను. ఎత్తగానే దడదడమని మరమగ్గాల మోత.

"గట్టిగ మాట్లాడుండ్రి సార్, సాంచాల కాడున్న."

"పేరు పిలిస్తే పలకవేమమ్మా?"

"ఒక్కపాలి పలికిన సార్. పిండిగిర్నిల కూసున్నవా అని అందరు నవ్విండ్రు. గప్పటిసంది మైకు తెరుస్తలేను."

"కాసేపు సాంచా ఆపరాదా?"

"మాది ఆపితే పక్కింటోళ్లది ఆగుతదా? గీ గల్లి అంత సాంచాలే. బాపుకు జరం తగ్గింది గని లేసి నిలవడతలేడు. పోగు తెగితే నేనే అతకాలె. చెవుల మీ పాఠం, చేతుల పోగు. నన్ను పరీక్ష రాయనియ్యరా సార్?"

మరునాడు తరగతిని పరిశీలించడానికి ప్రిన్సిపాల్ స్వయంగా చేరారు. నేను ఆమె పేరు పిలిచి, "మైకు తెరువమ్మా, ఎవరు నవ్వినా సరే" అన్నాను. మోత తరగతినంతా కమ్మేసింది.

"ఆ లొల్లి జర బంద్ చేయించుండ్రి సార్. ఏం ఇనవడతలేదు" అన్నాడొక విద్యార్థి.

"నాకు వినబడుతోంది" అని, ముందటి పాఠంలోంచి ఒక ప్రశ్న వేశాను. ఆమె అరిచినట్టుగా జవాబు మొదలుపెట్టి, సగంలో ఆగింది.

"ఒక్క నిమిషం సార్, పోగు తెగింది."

అందరం ఆగాం. ఆమె వచ్చి, విడిచిన మాట దగ్గరి నుంచే అందుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంతలో ఇంకొక మైకు తెరుచుకుంది. ఇచ్చోడ వైపు పల్లె నుంచి చేరే పిల్లవాడు.

"సార్, నేను గూడ ఉన్న. ఊర్ల సిగ్నల్ లేక హైవే మీదికొచ్చిన. గీ లారీల మోతకు సిగ్గయి పలుకుతలేను."

ఇద్దరికీ, పలకని పాత రోజులతో సహా, హాజరు వేసి సంతకం చేశాను. ఆ హాజరును కొట్టివేయదలిస్తే కారణం రాసి, కింద సంతకం పెట్టి పంపవలసిందిగా ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఆదేశం రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు. నాకు జవాబూ రాలేదు. ఆ ఇద్దరూ మాత్రం పరీక్ష రాశారు.