కంచె మీద నుంచి ఇచ్చిన పత్తి సలహా

మాది పత్తి పండే జిల్లా. ఈ ఒక్క ముక్కతో న్యూజిలాండులో నేనుండే హామిల్టన్ ఊరు మొత్తానికీ పత్తి విషయంలో ఆఖరి తీర్పు చెప్పే హక్కు నాకు దఖలు పడిందని చాలాకాలం నమ్మాను. నిజానికి నేను పత్తిని ముట్టుకున్నది చెవులు తుడుచుకునేటప్పుడూ, అమ్మ వత్తులు చేస్తుంటే అడ్డం పడేటప్పుడూ మాత్రమే. బతుకంతా కంప్యూటర్ల ముందే గడిచింది.

ఆ ఊళ్ళో రోటోటూనా అనే పేటలో మా ఇల్లు. పక్కింటావిడది ఆఫ్రికాలోని జాంబియా. వృద్ధుల హోములో నర్సు. నవ్విందంటే మా వంటింట్లో గిన్నెలు చోటు మారేవి. రెండిళ్ళ మధ్య చెక్క కంచె నాకు మెడదాకా వస్తుంది. ఆవిడకి మాత్రం మోచేతులు ఆనించుకోడానికి కొలత తీసి చేయించినట్టుంటుంది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే అయినా, నా జ్ఞాపకంలో ఆవిడెప్పుడూ మంచి తెలుగే మాట్లాడుతుంది.

కిందటేడు జూన్‌లో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక శనివారం పొద్దున పొగమంచు సగం వీధిని మింగి త్రేన్చుతుండగా, ఆవిడ ఫోను స్పీకర్లో పెట్టుకుని కంచె దగ్గరికొచ్చింది.

"నైబర్, మీది పత్తి దేశం కదా. మా తమ్ముడికో మాట చెప్పండి."

తమ్ముడు జాంబియాలో పత్తి రైతు. పది కుటుంబాల గుంపుకి పెద్ద. పత్తిలోంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లున్న కంపెనీ ఒకటి విత్తనాలూ పురుగుమందూ ముందే అరువిస్తుంది. పండింది తనకే అమ్మాలి, తను చెప్పిన ధరకే. ఆ ఏడు ఎవడో కొత్తవాడు ఊళ్ళోకి లారీ తోలుకొచ్చి, కంపెనీకన్నా ఎక్కువిస్తా, పత్తి నాకెయ్యండి అంటున్నాడు. గుంపంతా ఇతని మొహం చూస్తోంది.

నేను గొంతు సవరించుకున్నాను. పక్క వీధిలో కుక్క లేచి నిలబడి ఉంటుంది.

"తమ్ముడూ, మా నాన్న మార్కెట్ యార్డులో పత్తి బస్తాల మీద కూచుంటే కొనేవాళ్ళు తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చేవాళ్ళు. ఎవడెక్కువిస్తే వాడే మనవాడు. అమ్మేయ్."

"మరి కంపెనీ అరువు, ప్రొఫెసర్?" అన్నాడు తమ్ముడు ఫోన్లోంచి.

ఈ ప్రొఫెసర్ అన్న మాటతో నేను ఇంకో అడుగు పొడుగెదిగాను.

"ఆ వచ్చిన దాంట్లోంచే కట్టెయ్. బాకీ తీరాక ఎవడేమంటాడు?"

"సర్కారు పత్తి బోర్డు రూలుంది. ఒకళ్ళు పెట్టుబడి పెట్టిన పంట ఇంకొకళ్ళు కొనకూడదని."

"ఆ బోర్డు వాళ్ళు మీ ఊరెప్పుడైనా వచ్చారా?"

"జీపుందట. పెట్రోలు లేదట."

"ఇంకేం మరి!"

చెత్తడబ్బా తోసుకుంటూ వచ్చిన మా ఆవిడ ఆగింది. "ఏమండీ, మావయ్యగారు పత్తి ఎప్పుడూ విత్తనాలు అరువిచ్చిన కొట్టుకే వేసేవారని మీవాళ్ళనేవాళ్ళుగా?"

"నువ్వుండవే, అంతర్జాతీయ విషయం" అన్నాను.

అక్టోబరులో పక్కింటావిడ మళ్ళీ కంచె దగ్గరికొచ్చింది. ఈసారి మోచేతులు ఆనించలేదు.

తమ్ముడు నేను చెప్పినట్టే చేశాడు. అతన్ని చూసి గుంపంతా లారీకే వేసింది. బాకీ పైసాతో సహా కట్టడానికి కంపెనీకి వెళ్తే, తీసుకుని రసీదిచ్చారు. ఆ కలంతోనే వచ్చే పంట అరువు జాబితాలోంచి గుంపు పేరు కొట్టేశారు. మిల్లు పత్తితో ఆడుతుంది గానీ మీ డబ్బుతో ఆడదన్నారట. నెలలో వానలు మొదలవుతాయి. పది ఇళ్ళల్లో ఒక్క గింజ లేదు.

"లారీవాణ్ణి అడగమనండి."

"అతను కొనడానికొచ్చాడు, ఇవ్వడానికి కాదు. మళ్ళీ కనపడలేదు."

"పోనీ విత్తనాలు కొనుక్కోమనండి. డబ్బు నేను పంపిస్తా."

ఆవిడ నన్ను చూసిన చూపుకి నా ఎత్తంతా దిగిపోయింది.

"ఎక్కడ కొంటాడు? దూదిలోంచి గింజ విడేది మిల్లులో. మిల్లు వాళ్ళది. మా వైపు పత్తి విత్తనం కొట్లో దొరకదు, నైబర్."

మా ఊరి బస్టాండు ఎదురుగా విత్తనాల కొట్లెన్నో లెక్కపెట్టబోయి మానేశాను. ఇంట్లోకొచ్చి బాబాయికి ఫోన్ చేశాను.

"మీ నాన్నా? ఒక్కసారి కొట్టు మారాడురా" అన్నాడు బాబాయి. "అరువిచ్చిన ఆసామి ఆర్నెల్లు మొహం తిప్పుకున్నాడు. అయితే ఏం, పక్క కొట్టాయన పిలిచి మరీ విత్తనాలిచ్చాడు. వీధి నిండా కొట్లేగా!"

నాన్నకి వీధి ఉంది. నేను తమ్ముడికి నాన్న ధైర్యం అరువిచ్చాను, వీధి ఇవ్వలేకపోయాను. ఆ వారం ఆఫీసు పని చేస్తున్నట్టు నటిస్తూ దొరికిందల్లా చదివాను. ఆఫ్రికాలోనే పడమటి వైపు కొన్ని దేశాల్లో దేశం మొత్తానికీ కొనేది ఒకే కంపెనీయట. విత్తకముందే ధర చెప్పేస్తారట. ధర తక్కువని ఏడుస్తారు గానీ విత్తనం మాత్రం అందుతుందట. కొనేవాళ్ళు ఎక్కువైన చోట ధర పెరుగుతుంది, కానీ ఎవడో పెట్టుబడి పెట్టిన పంట ఇంకెవడో ఎత్తుకుపోతుంటే అరువిచ్చేవాడు చేతులు ముడుచుకుంటాడట. ఆ రెండింటి మధ్యా పెట్రోలున్న జీపు ఒకటి తిరగాలి. ఆ జీపు లేకపోవడం చూసి "ఇంకేం మరి" అన్నవాణ్ణి నేను.

తరవాతి ఆదివారం కంపెనీకి క్షమాపణ ఉత్తరం రాసిపెట్టమని పక్కింటావిడే అడిగింది. మా భోజనాల బల్ల దగ్గర నాలుగు పేజీలు రాశాను. మొదటి పేజీ నిండా, తప్పు రైతులది కాదు, న్యూజిలాండులో ఉన్న ఒక మూర్ఖుడిదని వివరించాను. ఆవిడ చదివి ఆ పేజీ మడిచి పక్కన పెట్టింది.

"కంపెనీకి మీరెవరు?"

మిగిలినవి కొట్టేసుకుంటూ పోతే మూడు వాక్యాలు తేలాయి. మళ్ళీ బయట అమ్మం, విత్తనాలివ్వండి, ఈ పదిమందిమీ సంతకం పెడుతున్నాం. అవే పంపారు.

నవంబరులో, వానలకి ముందే జవాబొచ్చింది. తొమ్మిది కుటుంబాలకి విత్తనాలిచ్చారు. తమ్ముడికివ్వలేదు. దారి చూపించినవాడికి లేదన్నారట. బట్టలు ఆరేస్తూ ఆవిడ మామూలు గొంతుతో చెప్పింది. నేను కంచె ఇవతల నిలబడి, మునివేళ్ళ మీద లేవకుండా విన్నాను.

"మీ మీద కోపం లేదన్నాడు" అంది. "నాకుంది. తగ్గుతుందిలెండి."

నాలుగు రోజులకి నా ఫోనుకే అతని వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక వాన చప్పుడు. "ప్రొఫెసర్, పత్తి చేలో ఈసారి వేరుశనగ వేద్దామనుకుంటున్నా. మీ వైపు పండిస్తారని అక్క చెప్పింది. ఏమంటారు?"

మా నాన్న వేరుశనగ వేసిన రెండెకరాలు నా కళ్ళముందు ఇరవై ఎకరాలయ్యాయి. నోరు తెరిచాను. మా ఆవిడ కూర కలుపుతున్న గరిటె పట్టుకునే వచ్చి ఎదురుగా నిలబడింది.

"తెలీదని చెప్పండి."

రికార్డు బటన్ నొక్కి పట్టుకున్నాను. "తెలీదు తమ్ముడూ" అన్నాను. "మీ ఊళ్ళో వేసినవాళ్ళనడుగు. పంట చేతికొచ్చాక ఎవరు కొంటారో అడుగు. విత్తనం ఎవరిస్తారో ముందడుగు."

"ఆ చివరి మూడూ సలహాలే" అంది మా ఆవిడ.

కానీ అప్పటికే వేలు తీసేశాను.