పంపు గుంటలో వదులు గ్లాండు

విశాఖ రేవు పక్క కొండ మీది సైనిక పోస్టుకు నేను చేరింది డెబ్బైల చివర, ఒక జూలై మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు. ఎండ. గాలి లేదు. భుజాన కిట్ బ్యాగు, చేతిలో పనిముట్ల పెట్టె. లారీ సగం కొండే ఎక్కింది. మిగతా నూట ఎనభై మెట్లు నడిచాను. కుడివైపు సముద్రం. ఎడమవైపు ఓడలు లోపలికొచ్చే కాలువ, అవతల ఇనుప ఖనిజం గుట్టలు. ఆ ఎర్ర దుమ్ము మా టీ గ్లాసుల అంచుల మీద కూడా ఉండేది.

నేను ఎలక్ట్రీషియన్ హవల్దారుని. వైర్‌లెస్ గదికి కరెంటు ఆగకుండా చూడటం నా పని. ఆ గది కొండను తొలిచి కట్టిన బంకరు. గోడల్లోంచి ఊరే నీరు పక్కనున్న ఆరడుగుల లోతు గుంటలోకి చేరేది. గుంటలో గట్టు మీద పంపు. దాని పైన గోడకు ఇనుప కరెంటు పెట్టె. స్విచ్ మాత్రం అరవై గజాల పైన, జనరేటర్ షెడ్డులో.

ఉప్పుగాలికి పాత కేబుల్ పాడైపోయింది. ఆగస్టులో కొత్తది వేశాం. కేబుల్ పెట్టెలోకి దూరే చోట ఒక ఇత్తడి బిగింపు ఉంటుంది. దాన్ని గ్లాండు అంటారు. కేబుల్ లాగినా ఊడకుండా అది పట్టుకోవాలి. నీటిని లోపలికి రానివ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కేబుల్ చుట్టూ ఉండే ఉక్కు తీగల కవచాన్ని పెట్టెకు గట్టిగా ఆనించాలి. లోపలి కరెంటు పొరపాటున పెట్టెకు పాకితే ఆ కవచం గుండా భూమిలోకి పోతుంది, ఫ్యూజు కాలిపోతుంది. కవచం ఆనకపోతే పెట్టెను ముట్టుకున్న మనిషి గుండా పోతుంది.

గ్లాండును కేబుల్ కొలిచి ఎంచుకోవాలి. నేను కొత్త కేబుల్ రాకముందే పాత కొలతతో గ్లాండు కావాలని స్టోర్సుకు ఇండెంట్ రాశాను. వచ్చిన కేబుల్ కాస్త సన్నం. గ్లాండులో ఆడింది. సరైన సైజు తెప్పించాలంటే నెల. తనిఖీ మూడు రోజుల్లో. ఉక్కు తీగల మీద నల్ల టేపు పదకొండు చుట్లు చుట్టి బిగించాను. లాగి చూశాను. రాలేదు. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: ‘పంపు పెట్టె గ్లాండు వదులు. టేపు వేశాను. మార్చాలి.’ రిపోర్టులో మాత్రం అన్నీ సరిగా ఉన్నాయని రాసి సంతకం పెట్టాను. టేపు కరెంటును పోనివ్వదు. ఆ సంగతి నాకు తెలుసు.

తనిఖీ అయిపోయింది. మార్చలేదు.

నవంబరులో వాయుగుండం పట్టింది. రెండో రోజు ఉదయం పదకొండుంపావుకు గుంటలో నీరు బంకరు నేల మట్టానికి లేచి లోపలికి మళ్లింది. పంపు చూసే నూకరాజు నడుంలోతు నీటిలోకి దిగాడు. అతను సివిలియన్ కూలీ, కింద ఒడ్డున చేపల వేటకెళ్లే ఇంటివాడు. కొట్టుకొచ్చే ఆకులు పంపు గొట్టానికి అడ్డం పడకుండా జల్లెడ పట్టుకుని నిలబడాలి. బంకరు గుమ్మంలో ఫోను దగ్గర వైర్‌లెస్ ఆపరేటరు. అతనిది గాజువాక వైపు రైతు కుటుంబం. నేను పైన షెడ్డులో. పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్ తన గదిలో. మా ముగ్గురికీ ఒకటే ఫోను లైను.

“నీళ్లు వైర్‌లెస్ బ్యాటరీలకి నాలుగు వేళ్ల కిందివరకూ వచ్చీసినాయి సార్,” అన్నాడు ఆపరేటరు. తర్వాత గుంటవైపు తిరిగి అరిచాడు. “బావా! అక్కడేటి, సేపలు పడతన్నావా?”

“మీ ఊరోల్లకి మోకాల్లోతు నీల్లంటేనే బయం బావా!” గుంటలోంచి నూకరాజు గొంతు.

సుబేదార్ సాబ్ హిందీలో అన్నాడు: “పంపు స్టార్ట్ చెయ్.”

చెయ్యి స్విచ్ మీద పెట్టాను. తీశాను.

“సాబ్, వేయను.”

“ఏమన్నావ్?”

“పెట్టె గ్లాండు తప్పు సైజు. నేనే పెట్టాను. పెట్టెకు ఎర్త్ లేదు. నీళ్లలో మనిషి ఉన్నాడు.”

“సరిగా ఉందని రాశావు.”

“అబద్ధం రాశాను సాబ్.”

 

“బాగుచెయ్యడానికి ఎంతసేపు?”

“అరగంట.”

“బకెట్లతో తోడిస్తాను. నువ్వు దిగు. స్విచ్ నేను వేస్తాను. వేసేటప్పుడు పెట్టె మీద నీ చెయ్యి ఉండాలి. అర్థమైందా?”

“అయింది సాబ్.”

జనరేటర్ ఆపి దిగాను. గుంటలో మూత తెరిచాను. పెట్టె అడుగున నీరు. ఒక తీగ కొస అందులో మునిగి ఉంది. స్విచ్ వేసి ఉంటే పెట్టె అంతటికీ కరెంటే. నీరు గుడ్డతో అద్ది, తీగ కొసలు ఆరబెట్టి, టేపు కోసి పారేశాను. గ్లాండు మళ్లీ వదులే. టేపు బదులు మెత్తటి లోహపు రేకు కావాలి. రేకు లేదు.

“సీసం పనికొత్తాదేటి బాబూ?” అన్నాడు నూకరాజు. “నా ఇసురువలకి గుల్లున్నాయి.”

“పోస్టులోకి వల తేవొద్దని సుబేదారు సెప్పలేదేటి?” పైనుంచి ఆపరేటరు.

“సెప్పినాడు బావా. అందుకే దాసినాను.”

వల పంపు గట్టు వెనక గోనెసంచిలో ఉంది. అంచున ఉన్న సీసపు గుళ్లలో ఆరింటిని కోసి ఇచ్చాడు. “నా వలని సంపేత్తన్నావు బాబూ,” అన్నాడు, నవ్వుతూనే. సుత్తితో కొట్టి రేకుగా సాగదీశాను. ఉక్కు తీగల మీద రెండు చుట్లు. వల నూలుకి గ్రీజు పూసి, నీరు దూరకుండా బయటివైపు కూరాను. రెండు స్పానర్లతో బిగించాను. ఇత్తడి సీసాన్ని కరిచింది. కదల్లేదు. మూత వేశాను. పన్నెండూ పది.

“నువ్వు పైకెక్కు నూకరాజూ.”

“నానెక్కితే జల్లెడెవుడట్టుకుంటాడు? నీకు సేతకాదు.”

ఎక్కలేదు. నేను అరచెయ్యి కాకుండా చెయ్యి వెనకవైపు పెట్టెకు ఆనించాను.

“అదేటి, తిరగేసి పెట్టినావు?”

“షాకు కొడితే వేళ్లు ముడుచుకుంటాయి. అరచెయ్యి పెడితే పెట్టెను పట్టేసుకుంటాయి, వదలవు. ఇలా అయితే చెయ్యి విడిపోతుంది.”

షెడ్డుకు చేరిన సుబేదార్ సాబ్‌తో ఆపరేటరు ఫోనులో “రెడీ సార్” అన్నాడు. పైన జనరేటర్ అందుకుంది. నూకరాజు జల్లెడ పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. నేను పెట్టెనే చూస్తున్నాను. పంపు ఒకసారి దగ్గింది. తిరిగింది. నా చేతికి దాని అదురు తప్ప ఏమీ తెలియలేదు.

ఒంటిగంటకు బంకరు నేల కనిపించింది. బ్యాటరీలు తడవలేదు. పంపు ఆగింది.

నూకరాజు జల్లెడ పక్కన పెట్టాడు. పైకెక్కడానికి పెట్టె పై అంచు వైపు చెయ్యి ఎత్తి, ఆగాడు. “అయితే బాబూ, మూడు నెల్లనుంచీ నాను రోజూ దీన్నే అట్టుకుని ఎక్కుతన్నాను కదా,” అన్నాడు. నిష్ఠూరంగా కాదు. మామూలుగా అడిగాడు.  చెయ్యి అందించాను. నా చెయ్యి పట్టుకుని ఎక్కాడు.

సుబేదార్ సాబ్ ఉన్నదున్నట్టు రాశాడు. నా ప్రమోషన్ ఆగింది. ఆగవలసిందే. సరైన గ్లాండు జనవరిలో వచ్చింది. ఈసారి కేబుల్‌ను మూడుచోట్ల కొలిచి బిగించాను. మరుసటి ఏడు మార్చిలో రైలెక్కి ఇంటికి వచ్చాను. బంధువులు ఓడల గురించి అడిగారు, తుపాకుల గురించి అడిగారు. చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. ఆ రోజు అందరూ వెళ్లాక గుంటలో ఒక్కడినే నిలబడి పెట్టెను చూశాను. మూత మీది బూడిదరంగు పెయింటు ఆగస్టులో నేనే వేసింది. పై అంచున ఒకచోట అది అరిగిపోయి, ఇనుము తళతళలాడుతోంది. నాలుగు వేళ్ల వెడల్పు.