మంచు మీద నుంచి నాచారం వచ్చిన మా సార్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, దమ్మాయిగూడలో నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఒక పెద్దావిడకు భుజం వ్యాయామం చేయిస్తుండగా మా సార్ వాళ్ల ఆవిడ, ఆంటీ, ఫోన్ చేశారు. "మీ సార్ ఇగ లేరు బిడ్డా" అన్నారు. టీ తాగి, బయటికి వెళ్దామని కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంటూ అలాగే ముందుకు ఒరిగిపోయారట. దవాఖానాకు తీసుకెళ్లేసరికే గుండె ఆగిపోయింది. ఇంకా అరవై కూడా నిండలేదు. నేను పెద్దావిడ చెయ్యి మళ్లీ పట్టుకున్నాను గానీ లెక్క ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. "ఏమైంది బిడ్డా?" అని ఆమె అడిగితే, "నాకు ఆట నేర్పిన సార్ పోయిన్రు" అన్నాను. ఆమె తన రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

మా సార్‌ది స్లోవాకియా. పదహారేళ్లు ఐస్ హాకీ ఆడి బతికిన మనిషి. కొండల కింద చిన్న ఊరు, తండ్రి కలప కోసే మిల్లులో కార్మికుడు. చలికాలంలో ఆ తండ్రి పెరట్లో నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి గట్టి మంచు అయ్యేదట. ఆ మంచు మీదే మూడేళ్ల వయసులో సార్ మొదటిసారి జారే బూట్లు కట్టుకున్నారు. పద్దెనిమిదికల్లా పెద్ద క్లబ్బులో డిఫెండర్ అయ్యారు. గోల్ వేసే పని కాదు ఆయనది, వేయనివ్వకుండా అడ్డుపడే పని. దేశం జట్టుకు రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడారు, ఆ తర్వాత పిలుపు రాలేదు. చెక్ దేశంలో కొన్నేళ్లు, ఆస్ట్రియాలో కొన్నేళ్లు ఆడి, మోకాలు రెండుసార్లు కోయించుకుని, చివరి ఏడాది సొంత ఊరి చిన్న జట్టులో ఆడి మానేశారు. ఈలోగా పరిశోధన కోసం అక్కడికి వెళ్లిన ఆంటీ ఒకరోజు బస్టాపు దగ్గర మంచు మీద జారిపడితే, లేపి నిలబెట్టింది ఈయనే. "అప్పటి సంది నన్ను పడనియ్యలే" అనేవారు ఆంటీ. ఆమెకు ఇక్కడి ప్రయోగశాలలో ఉద్యోగం రాగానే ఇద్దరూ నాచారం వచ్చేశారు.

ఐస్ హాకీ ఆడేవాడు నాచారంలో ఏం చేస్తాడు? మొదటి ఏడాది ఆయన కూరగాయలు తెచ్చేవారు, తెలుగు నేర్చుకునేవారు. ఆ తెలుగంతా పాలాయన దగ్గర, దర్జీ దగ్గర నేర్చుకున్నదే. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజుల్లో, ఆరడుగుల మనిషి భుజాన సంచితో నడుస్తుంటే ఆటోవాళ్లు విదేశీ క్రికెటర్ అనుకునేవాళ్లు.

"ఏ టీమ్ సార్?" అని ఒకతను అడిగితే, "నాచారం టీమ్" అన్నారట.

అప్పటికి నిజంగానే ఆ టీమ్ ఉంది. మా కాలనీ పార్కు వెనక సిమెంటు గచ్చు మీద పిల్లలు చక్రాల బూట్లతో తిరగడం చూసి ఆయన ఆగిపోయారు. వాళ్లకు చక్రాల మీదే హాకీ నేర్పుదామని ప్లంబింగ్ పైపులతో గోల్ పోస్టులు చేశారు, అంబర్‌పేట్ నుంచి వల తెచ్చి కట్టారు. రోజూ ఆట మొదలుపెట్టే ముందు గచ్చంతా తానే పొరకతో ఊడ్చేవారు. చిన్న రాయి చక్రం కింద పడినా పిల్ల బోర్లా పడుతుందని భయం. "మా ఊర్ల దీనికి పెద్ద మిషన్ ఉంటది. ఇక్కడ నేనే మిషన్" అని నవ్వేవారు.

నాకప్పుడు పదమూడేళ్లు. మా నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. అందరిలోకీ నాకే జారడం రాదు కాబట్టి నన్ను గోల్ కీపర్‌ను చేశారు. నేను ముఖం ముడుచుకున్నాను. సార్ నా ముందు మోకాలి మీద కూర్చున్నారు. ఆ కాలు వంగినప్పుడల్లా టక్కుమని చప్పుడయ్యేది. నా లేసులు బిగించి కడుతూ, "గిది శిక్ష గాదు. ఆట మొత్తం కనబడేది నీకొక్కదానికే" అన్నారు.

రెండేళ్లకు జిల్లాల పోటీలో ఫైనల్‌కు వెళ్లాం. ఇక నిమిషం కూడా లేదనగా, నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చిన బంతి నా రెండు కాళ్ల మధ్య నుంచి పోయింది. ఓడిపోయాం. బస్సులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. మర్నాటి నుంచి పార్కుకు వెళ్లడం మానేశాను. బూట్లు మంచం కిందికి తోసేశాను.

పది రోజుల తర్వాత ఆదివారం సార్ మా ఇంటికి వచ్చారు. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నేను లోపలి గదిలో తలుపు వేసుకున్నాను. అమ్మ తలుపు కొట్టింది.

"గా కాలుతోని మూడంతస్తులెక్కి వచ్చిండే మీ సారు. జర బయటికి రా."

వచ్చాను. సార్ టీ చల్లార్చుకుంటూ జేబులోంచి మడతలు పడిన పాత పత్రిక ముక్క తీసి బల్ల మీద పరిచారు. ఫోటోలో ఆటగాడొకడు మంచు మీద మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు, తల వంచుకోవడంతో ముఖం కనబడటం లేదు.

"ఎవరు సార్?"

"నేనే."

లీగ్ ఫైనల్ చివరి మ్యాచ్, స్కోరు సమానం. మంచు మీద ఆటలో బంతికి బదులు రబ్బరు బిళ్ల ఉంటుంది. అవతలివాడు కొట్టిన ఆ బిళ్ల పక్కకు పోయేదే. సార్ అడ్డుకోబోయి కర్ర పెట్టారు. కర్రకు తగిలి తిరిగి, సొంత గోల్‌లోనే పడింది. కప్పు పోయింది. "నెల రోజులు బేకరీల రొట్టె ఇచ్చే ఆమె గూడ నాతోని మాట్లాడలే" అన్నారు. ఆ ఏడాదే క్లబ్బు ఆయన్ను వదిలించుకుంది.

"మరి మీరు మానేయలేదా?" అన్నాను.

"మా గోల్ కీపర్ ఉండె, ముసలోడు. గదే వానికి ఆఖరి ఆట. కప్పు గెలుస్తనని పెండ్లానికి మాటిచ్చిండు. తెల్లారి గాయన మా ఇంటికొచ్చిండు. తిడతడనుకున్న. 'నువ్వు కర్ర పెట్టకుంటే తిడుతుంటి' అన్నడు." కప్పు బల్ల మీద పెట్టి, "గాయన నా ఇంటికొచ్చిండు. గందుకే నేను నీ ఇంటికొచ్చిన" అన్నారు.

అమ్మ ఆయన కప్పులో ఇంకొంచెం టీ పోసింది. నేను మంచం కింద నుంచి బూట్లు తీశాను.

చదివేవాళ్లు ఆ తర్వాత మేం గెలిచామని అనుకుంటారేమో. గెలవలేదు. నేను మరో నాలుగేళ్లు గోల్‌లో నిలబడ్డాను. ఒకసారి రెండో స్థానం, ఒకసారి మూడో స్థానం. సార్ ప్రతిసారీ అవతలి జట్టు పిల్లలకు చెయ్యి కలిపే వరుసలో అందరికంటే ముందు నిలబడేవారు. ఆయన మోకాలి చప్పుడు వినీ వినీ నేను ఫిజియోథెరపీ చదివాను. ఉద్యోగంలో చేరాక ఆ మోకాలు నా చేతికే వచ్చింది. వ్యాయామం చేయిస్తుంటే స్లోవాక్‌లో "యెదెన్, ద్వా, త్రి" అని లెక్కపెడుతూ, నేను అటు తిరగగానే ఐదు నుంచి ఎనిమిదికి దూకేవారు. "సార్, దొంగ లెక్క!" అంటే, "కోచ్‌లు మాట వినరు బిడ్డా" అనేవారు.

కాళ్ల మధ్య నుంచి బంతి పోయిన రోజులు నా జీవితంలో తర్వాత కూడా వచ్చాయి. అప్పుడు బూట్లు దాచేయకుండా ఉండగలిగానంటే, ఆ మూడంతస్తులే కారణం.

అంత్యక్రియలైన మూడో రోజు మధ్యాహ్నం పాత జట్టు వాళ్లం ఎనిమిది మందిమి ఆంటీ ఇంట్లో కూర్చున్నాం. స్లోవాకియా నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆంటీ ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి పెట్టారు. అక్కడ ఇంకా పొద్దున. సార్‌తో ఆడినవాళ్లట, ఏడెనిమిది మంది, బట్టతలలు, పొట్టలు, బిగుతైన పాత జెర్సీలు. మంచు మీద వరుసగా నిలబడ్డారు. అందరూ ఒక్కసారిగా కర్రలు మంచుకేసి తట్టడం మొదలుపెట్టారు. టక్, టక్, టక్. "గది వాళ్ల మర్యాద" అన్నారు ఆంటీ మెల్లగా. చాలాసేపు తట్టి, ఒక్కొక్కరే జారుకుంటూ ఫోన్‌లో కనబడనంత దూరం వెళ్లిపోయారు. కాల్ మాత్రం ఆపలేదు. తెర మీద ఖాళీ మంచు, దాని మీద బూట్ల గీతలు, పైనుంచి పడుతున్న తెల్లటి వెలుతురు. మాలో ఎవరూ కాల్ ఆపే ఆ ఎర్ర బటన్ నొక్కలేదు.