నర్సయ్య సార్ మూడో చెయ్యి

మిర్యాలగూడలో మా మిల్లు గేటు దాటగానే ఉడికిన వడ్ల ఆవిరి వాసన ముఖానికి కొడుతుంది. గోదాములో వడ్ల రాశుల్లో గుచ్చిన ఆరు పెట్టెలు తేమ చూస్తుంటాయి. ఇవాళ పొద్దున కరెంటు పోయి వచ్చింది. ఆరింటి దీపాలూ కాసేపు మిణుకుమన్నాయి, ఒకటి తప్ప మిగిలినవి ఆరిపోయాయి. దీపం వెలుగుతున్న ఆ పెట్టే ఇక వాటికి పెద్ద. అందరి తరఫునా ఆఫీసుకు కబురు పంపేది అదే. ఆ దీపం చూసినప్పుడల్లా నర్సయ్య సార్ గుర్తొస్తారు. గుర్తొచ్చిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి ఏడాది నాకూ, నాతో చదివే సైదులుకూ ఆయనే ప్రాజెక్టు గైడు. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో వచ్చేవారు. చంకలో గొడుగు, ఏది అడిగినా తిన్నగా జవాబివ్వని నోరు. ఈ పెట్టెలు మేం చేసినవే. ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లిచ్చి, చిన్న నంబరుదే పెద్దరికం అంటే పది నిమిషాల్లో తేలే పని. సార్ ఒప్పుకుంటేగా! హమాలీలు వాటిని ఎత్తి ఎక్కడో పెడతారట, ఒకటి చెడితే ఎవరో కొత్తది తెచ్చి గుచ్చుతారట. కాబట్టి పేరూ నంబరూ లేకుండా, అన్నింట్లో ఒకటే ప్రోగ్రాంతో, వాటిలో అవే ఒక పెద్దను ఎన్నుకోవాలట.

సరేనని, మూడు సెకన్లు ఆగి, ఎవరూ మాట్లాడకపోతే నేనే పెద్దనని చెప్పమని రాశాం. ఆరూ బుద్ధిగా మూడు సెకన్లు ఆగి, ఆరూ ఒకేసారి పెద్దలైపోయాయి. సెకన్లు పెంచాం, తగ్గించాం, అదే తంతు. సార్ రోజూ వచ్చి చూసి, టీ తాగి వెళ్లేవారు. నెల తర్వాత ఉండబట్టలేక తప్పెక్కడుందో చెప్పమని నిలదీశాను.

"సిన్నప్పుడు పంటలేసుకోలేదా మీరు?" అన్నారు. అంతే, బస్సుకు టైమైందని వెళ్లిపోయారు.

దొంగాటకు ముందు ముగ్గురు పిల్లలు చేతులు కలిపి ఊపి, అరచెయ్యి పైకో కిందికో పెడతారు. వేరుగా పడిన చేతికి పంట, అంటే గెలుపు. అందరూ ఒకేలాంటివాళ్లయితే, ఒకే రూలుతో అందరూ ఒకే పని చేస్తారు. ఎక్కడో ఒకచోట అదృష్టానికి చోటివ్వాలి. ఎన్ని సెకన్లు ఆగాలో ఏ పెట్టెకు ఆ పెట్టె చీటీ తీసినట్టు తేల్చుకునేలా మార్చాం. అందరికంటే తక్కువ సెకన్లు పడినది ముందు మాట్లాడి పెద్దయింది. ఆ ముక్క నెల ముందే చెప్పొచ్చు కదా మహానుభావుడు!

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. పెట్టెలు నచ్చిన ఈ మిల్లు యజమాని టీమ్ లీడర్‌కు ఉద్యోగమిస్తానన్నాడు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. సైదులువీ నావీ ఒకే మార్కులు, పనీ చెరిసగం. మాడుగులపల్లిలో మాది గొర్లు కాసే ఇల్లు, చిలుకూరులో వాళ్లదీ అంతే. రిపోర్టులో లీడర్ పేరు రాసే గడి వారం పాటు ఖాళీగానే ఉంది. చివరికి సార్‌నే చెప్పమన్నాం. నా పేరే చెబుతారని నాకు లోపల గట్టి నమ్మకం.

"సేతులు సాపుండ్రి," అన్నారు సార్.

ఇద్దరితో పంటలు తేలవు. అందుకని మా చేతుల పక్కన తన చెయ్యి కూడా పెట్టారు. వరండాలో జూనియర్లు నవ్వుతుంటే నాకు తల తీసేసినట్టయింది. మొదటిసారి సార్ చెయ్యే వేరుగా పడింది. రెండోసారీ ఆయనదే.

"ఇగ ఉద్యోగం సార్‌కే అయితది," అన్నాడు సైదులు.

మూడోసారి నాది పడింది. సైదులు చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పెన్ను తీసి ఆ గడిలో నా పేరు తనే రాశాడు.

వాడు వెళ్లాక సార్‌తో పోట్లాడాను. మీరు ఒక్క మాట చెబితే అయిపోయేది కదా అన్నాను.

"ఇద్దర్ల తేడా నాకు కనవడలే బిడ్డా. లేనిది యాడికెల్లి తెచ్చి సెప్పాలె?"

సార్ పోయి రెండేళ్లయింది. మిల్లులో ఎవరైనా నా తెలివిని మెచ్చుకుంటే నాకు ఆ వరండాలో తిరగబడిన నా అరచెయ్యే కనిపిస్తుంది. నువ్వే మెరుగని అబద్ధానికైనా ఒక్క మాట అని ఉంటే ఆయన సొమ్మేం పోయేది? అనలేదు. అందుకే కోదాడలో సెల్‌ఫోన్ దుకాణం నడుపుతున్న సైదులు ఎదురైనప్పుడు, నేను తల దించుకోనక్కర్లేదు. ఎత్తుకోవడానికీ లేదు.