ఇంటికొచ్చిండు అనమన్నారు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. బొగ్గుబాయిలో పనిచేసేవాళ్ల పెళ్లాలకు భయపడడానికి దయ్యాలు అక్కర్లేదు, పొద్దున డ్యూటీకి పోయిన మనిషి చాలు. ఇది చెబుతున్నది కోపం చల్లారక.

డెబ్బైల మొదట్లో మేము గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయన రాజయ్య బాయిలో బొగ్గు నింపేవాడు.

పక్క వీధిలో విమలమ్మగారని కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ ఉండేది. ఆదివారాలు ఆమె వరండాలో ప్రార్థన జరిగేది. ఫలానా దేవుడని లేదు, ఎవరైనా రావచ్చు. మా పక్కింటి ఖాజాబీ, చర్చికి పోయే ఆడవాళ్లు, నేను, అందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. ఆ ఒక్కదానికి ఆమెకు ఇప్పటికీ దండం పెడతాను. మిగతాదానికి కాదు.

ఆమె పద్ధతి వేరు. దేవుణ్ని అది కావాలి, ఇది కావాలి అని అడగకూడదు. అయిపోయినట్టే చెప్పాలి. జ్వరం తగ్గాలి అనకూడదు, హాయిగా ఉన్నాను అనాలి. చావు, దెబ్బ, రోగం లాంటి మాటలు ఆ వరండాలో ఎవరూ పలకకూడదు.

ఒకరోజు మొదటి షిఫ్టులో బాయిలో పైకప్పు కూలిందని కబురొచ్చింది. ఇంటికి తాళం వేసి నేనూ ఖాజాబీ పడుతూ లేస్తూ ఉరికాం. గేటు దాటనివ్వలేదు. రాజయ్య లోపలే ఉన్నాడని మాత్రం చెప్పారు. విమలమ్మగారు అక్కడికే వచ్చి, ఏడిస్తే భయం పెరుగుతుందని నన్నూ ఖాజాబీనీ తన వరండాకు తీసుకుపోయింది.

కళ్లు మూసుకుని, ఆయన రోజూ ఇంటికి రాగానే ఏం చేస్తాడో అది జరిగిపోయినట్టు చెప్పమంది. చెప్పాను.

"ఇంటికొచ్చిండు. కాళ్లు కడుక్కున్నడు. నీళ్లు తాగి చెంబు బోర్లిచ్చిండు. చాప మీద ఒరిగిండు. పానంతోని..."

ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ప్రాణం మాట ఎత్తకమ్మా. ఆ మాటలోనే భయం ఉంది. వచ్చాడు అను, చాలు."

నేను పిచ్చిదాన్ని. చదువుకున్న మనిషి చెప్పింది కదా అని నోరు మూసుకుని, వచ్చిండు, వచ్చిండు అంటూ గొంతు పోయేదాకా అన్నాను.

పొద్దు వాలుతుండగా ఇంటికి పోయాను. తాళం నేను వేసినట్టే ఉంది. తాళంచెవి నా బొడ్లోనే ఉంది. తలుపు తీస్తే, పొద్దున నేను కడిగితే ఆరిపోయిన జాలారి, మేం కాళ్లు కడుక్కునే మూల, తడిగా ఉంది. బకెట్లో నీళ్లు నల్లగా ఉన్నాయి. చెంబు బిందె మూత మీద బోర్లించి ఉంది. గోడకు చుట్టిపెట్టిన చాప పరిచి ఉంది. దాని మీద మనిషి ఒరిగినంత మేర బొగ్గుపొడి.

నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. అది తలుచుకుంటేనే ఇప్పటికీ కడుపు మండుతుంది. వెనక వచ్చిన ఖాజాబీని పట్టుకుని, వచ్చిండక్కా అని ఏడ్చాను. ఆమె చాపను చూసింది, నన్ను చూసింది.

చీకటి పడకముందే రాజయ్యను మోసుకొచ్చారు. కప్పు కూలినప్పుడే పోయాడట. అంటే మేము వరండాలో కూర్చునేసరికే ఆయన లేడు.

స్నానం చేయించడానికి మా బావ బూట్లు విప్పాడు. ఒళ్లంతా, చెవుల్లో, కనురెప్పల మీద బొగ్గు. బూట్ల లోపలా బొగ్గుపొడే. పాదాలు మాత్రం చీలమండల దాకా శుభ్రంగా ఉన్నాయి.

"ఇవి ఇప్పుడే కడిగిన కాళ్లు," అన్నాడు బావ. ఎవరు కడిగారని మోసుకొచ్చినవాళ్లను అడిగాడు. బూట్లు ఎవరూ ముట్టలేదన్నారు.

పరామర్శకు వచ్చిన విమలమ్మగారు, నా మనసులో భయం మిగిలి ఉండడం వల్లే ఇలా అయిందని చెప్పింది. నమ్మకం పూర్తిగా ఉండాలట. చాప చూపించాను. చెంబు చూపించాను. నా మొగుడు నేను పిలిచినట్టే, ఒక్క ముక్క పొల్లు పోకుండా వచ్చి పోయిండమ్మా, ఇంకెంత నమ్మాలె అని అడిగాను. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నేను మళ్లీ ఆ వరండా ఎక్కలేదు.

తాళం వేసిన ఇంట్లోకి ఎవరు వచ్చారో, ఆ కాళ్లు ఎవరు కడిగారో నాకు తెలియదు. బావ, ఖాజాబీ కూడా బతికున్నన్నాళ్లూ చెప్పలేకపోయారు. పానంతోని అని పూర్తిగా అన్నా ఆయన బతికేవాడు కాదు, అప్పటికే పోయాడు అంటారు అందరూ. కావచ్చు. కానీ నేను అన్నవన్నీ జరిగాయి. అననివ్వనిది ఆ ఒక్క మాటే.